షిగెయో పుస్తకంలో కాగితం చిరగదు

మా రేవూరి సినిమా హాల్లో టికెట్లమ్మే షిగెయోకి గర్వం ఎక్కువని అందరూ అంటారు. ఎక్కువే మరి! ఎందుకుండకూడదు? హాలు వసారాలో చిన్న బల్ల మీద ఆమె పెట్టే అభిప్రాయాల పుస్తకంలోంచి ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఒక్క కాగితం చిరగలేదు. సినిమా చూసి బయటికొచ్చినవాళ్ళు అందులో తమకు తోచింది రాస్తారు. పేరు రాయనక్కర్లేదు. రోజూ పొద్దున్నే ఆమె చాకుతో పెన్సిల్ చెక్కి పక్కన పెడుతుంది. నిండిన పుస్తకాలు నలభై ఆరు, టికెట్ల గది అలమరాలో వరసగా ఉన్నాయి.

తను పనిచేసే ఎండుచేపల కార్ఖానా మూతపడి ఆమె ఈ కొలువులో చేరిన కొత్తల్లో, ఊరి పెద్దమనిషి ఒకాయన తన కొడుకు వేషం కట్టిన సినిమాని ఎవరో తిట్టారని ఆ పేజీ చింపెయ్యమన్నాడు. "చింపడానికి ఇదేమైనా మీ ఇంట్లో క్యాలెండరా అండీ?" అంది షిగెయో. ఆయన రెండేళ్ళు హాలు గడప తొక్కలేదు.

మా జనానికి మొహమాటం ఎక్కువ. కూర ఉప్పు కషాయమైనా సరే, "గిన్నె ఎంత బాగుందో!" అని మెచ్చుకుని వస్తారు. పుస్తకంలోనూ అదే వరస. "హాలు చల్లగా ఉంది" అని రాశారంటే సినిమా నచ్చలేదన్నమాట. "కుర్చీలు మెత్తగా ఉన్నాయి" అంటే నిద్రపోయారన్నమాట. ఆ భాష చదవడంలో షిగెయోని మించినవాళ్ళు లేరు.

ఆరేళ్ళ కిందట 'ఏడుగురికి ఒకే గొడుగు' అనే సినిమా మా వీధిలోనే తీశారు. సోయా పాలు విరగ్గొట్టి టోఫూ చేసి అమ్ముకునే ఇల్లు, ఏడుగురు మనుషులు, జడివాన, ఇంటికంతటికీ ఒక్క గొడుగు, దానికోసం మామ్మ చేసే యుద్ధం. కడుపుబ్బ నవ్వించింది. మా హాల్లో పద్నాలుగు వారాలాడింది. ఈ ఆగస్టులో రెండో భాగం వచ్చింది. ఈసారి ఆ కుటుంబాన్ని హవాయి తీసుకుపోయారు. వాన లేదు, గొడుగు లేదు. మామ్మ చేత గడ్డి లంగా కట్టించి డాన్సు చేయించారు, ఖర్మ! మనవల్నీ అన్నం డబ్బాల్నీ వెంటేసుకుని పండగలా వచ్చినవాళ్ళు మొహాలు వేలాడేసుకుని బయటికొచ్చారు.

మొదటిరోజు పుస్తకంలో "హాలు చాలా చల్లగా ఉంది" అని వరసగా ఐదుగురు రాశారు. ఆరో మనిషి పాప్‌కార్న్‌లో ఉప్పు సరిగ్గా కుదిరిందన్నాడు. మూడోరోజుకి మొహమాటం తెగిపోయింది. "గొడుగేదయ్యా బాబూ?" అని ఒక జాలరి అడిగాడు. "రెండు గంటల్లో ఒక్కసారి నవ్వాను. అదీ పక్కాయన గురక విని." "మొదటి భాగం చూసి మా అత్తతో రాజీపడ్డాను. ఇది చూసొచ్చాక మళ్ళీ మాటల్లేవు." "మామ్మ వేషం వేసినావిడని ఏమీ అనకండి. ఆవిడ మీద మాకు జాలి."

ఇంతలో ఆదివారం దర్శకుడు హిరుకావా స్వయంగా వస్తున్నాడని కబురొచ్చింది. హాలు మేనేజరు కకుతా చెమటలు తుడుచుకుంటూ టికెట్ల గదికి పరిగెత్తుకొచ్చాడు.

"షిగెయోగారూ, ఆ ఒక్కరోజూ పుస్తకం దాచేద్దామండీ. కొత్తది పెట్టి, నాలుగు మంచి ముక్కలు మనమే రాసేద్దాం."

"మనమే రాస్తే మనమే చదువుకోవాలి."

"సినిమా కంపెనీవాళ్ళకి కోపమొస్తే కొత్త సినిమాలివ్వరు. హాలు మూసేస్తే మీరూ నేనూ వీధిన పడతాం."

"పడదాం లెండి. కార్ఖానా మూసేసినప్పుడు ఒకసారి పడ్డాను, నాకు దారి తెలుసు."

అనడానికైతే అంది గానీ ఆమెకీ భయమే. అరవై ఆరేళ్ళ మనిషికి ఇంకో కొలువు ఎవరిస్తారు? అయినా ఆదివారం పొద్దున పాత పుస్తకమే బల్ల మీద పెట్టింది.

హిరుకావా వస్తూనే బల్ల దగ్గరికి నడిచాడు. కకుతా అడ్డం నిలబడబోయాడు కానీ, ఎంత లావున్నా మనిషి గోడ కాలేడు కదా. హిరుకావా నిలబడే అన్ని పేజీలూ చదివాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఈ చల్లగా ఉందని రాసినవాళ్ళయినా మెచ్చుకున్నట్టేనా పిన్నిగారూ?"

"కాదండీ. అన్నిటికంటే గట్టి తిట్టు అదే."

కకుతా కళ్ళు మూసుకున్నాడు. హిరుకావా పెన్సిల్ తీసుకుని రాశాడు: "దీన్ని తీసింది నేనే. ఎడిటింగ్ గదిలో నలభైసార్లు చూశాను. ఒక్కసారీ నవ్వలేదు. క్షమించండి." కింద పేరు కూడా పెట్టాడు. తర్వాత వేదికెక్కి, నాలుగు మాటలు చెప్పి, ఫొటోలు దిగి వెళ్ళాడు.

గంట తర్వాత ఒక్కడే తిరిగొచ్చాడు. కంపెనీ మనుషులు స్టేషన్లో రైలు కోసం చూస్తున్నారట.

"పిన్నిగారూ, నేను రాసిన ఆ పేజీ చింపెయ్యండి. ఏదో ఆవేశంలో రాసేశాను. కంపెనీ కంటపడితే నాకింక సినిమా ఇవ్వరు," అంటూ నడుం విరిగేలా వంగాడు.

"రాసినాయనే అడుగుతున్నాడు కదండీ, ఇచ్చెయ్యండి," అని కకుతా బతిమాలాడు.

షిగెయో పేజీ మీద చెయ్యి పెట్టింది. ఆమెకి ఏడుపొచ్చినంత పనయింది. మొదటి భాగంతో అంతగా నవ్వించిన మనిషి ఇలా వంగి నిలబడితే చూడలేకపోయింది.

"మీ మొదటి సినిమా పద్దెనిమిదిసార్లు చూశానండీ. మీరంటే నాకు ప్రాణం. అయినా చింపను. ఇక్కడ మా జాలరి మాటకి ఎంత విలువో మీ మాటకీ అంతే. మనసు మారితే ఆ సంగతే కింద రాయండి. ఇదిగో పెన్సిల్."

ఆయన పెన్సిల్ అందుకుని పేజీ మీదికి వంగాడు. స్టేషన్ వైపు నుంచి రైలు కూత వినిపించింది. తను రాసిన మాటలు మళ్ళీ ఒకసారి చదువుకుని, పెన్సిల్ బల్ల మీద పెట్టేశాడు.

"మారలేదు పిన్నిగారూ."

షిగెయో బల్ల వెనక నుంచి ముందుకొచ్చి, ఆయన ఇందాక వంగినదానికంటే కిందికి వంగింది. ఈ ముప్ఫై ఒక్క ఏళ్ళలో ఎవరికీ ఆమె అంత వంగలేదు.

"అయితే ఇంకోటి తియ్యండి. ఎవరూ డబ్బు పెట్టకపోతే చిన్నదే తియ్యండి. మొదటి టికెట్ నేను కొనుక్కుంటాను. బాగా లేకపోతే మాత్రం రాస్తాను."