నెయ్యి సీసా కాదు, నా చీమల ఇల్లు

ఎవరింట్లోనైనా నెయ్యి సీసాను నీళ్ళ పళ్ళెంలో పెట్టేది చీమలు పట్టకుండా. మా గూట్లో నీళ్ళ పళ్ళెంలో ఉన్న సీసాలో మాత్రం చీమలే ఉంటాయి. నేనే పెంచుతున్నాను. తొలి వానకు రెక్కలు రాల్చుకుని వాకిట్లో తిరుగుతున్న రాణి చీమను తెచ్చి, సీసాలో తడి ఇసుక పోసి, లోపల చీకటిగా ఉండాలని గుడ్డ చుట్టాను. ఇప్పుడు దానికి పిల్లలు కూడా పుట్టాయి. బెల్లం నీళ్ళలో ముంచిన దూది, దొరికితే ఒక చచ్చిన ఈగ, అదే వాటి భోజనం.

ఈ రోజు ఐరాల నుంచి మా మేనత్త వచ్చింది. పప్పన్నం కలుపుకుని, ఎవరినీ అడక్కుండా గూట్లోని సీసా అందుకుని మూత తీసింది.

"ఏంది పాపా ఇది? నెయ్యనుకోని తీస్తే అన్నీ సీమలే ఉండాయి! ఉండు, ఉడుకునీళ్ళు పోస్తా."

సీసా లాక్కున్నాను. "పోస్తే ఊరుకోను అత్తా. అవేమన్నా నీ ఇంటికొచ్చినాయా? నువ్వే వాటింటి తలుపు తీసినావు."

"సీమల్ని సాకే ఆడపిల్లను నేను యాడా సూళ్ళేదు!"

"అయితే ఈడ సూడు."

అత్త నెయ్యి లేకుండానే తిని, మూతి ముడుచుకుని సాయంత్రం బస్సెక్కింది. నీళ్ళ పళ్ళెంలో పడి కొట్టుకుంటున్న ఒక చీమను చీపురు పుల్లతో తీసి సీసాలోకి వదిలాను. సీసాను మళ్ళీ అదే గూట్లో, అందరికీ కనబడేలా పెట్టాను.

చీమలు బయటికి రాకుండా నీళ్ళ పళ్ళెం చాలు. చుట్టాల చేతులు లోపలికి పోకుండా ఏం పెట్టాలో, తెలిసినవాళ్ళుంటే చెప్పండి.