మునెమ్మ మిద్దె మీద రాడార్

ఇది మహాకావ్యం. ఇందులో ఆకాశం ఉంది, ఉరుము ఉంది, నమ్మకద్రోహం ఉంది, ఒక పల్లె తలరాత ఉంది. కొంచెం సర్దుకుని కూర్చోండి.

అబద్ధం. ఇందులో ఉన్నది తడిసిన ఉలవలు. అంతే. కానీ ఆ ఉలవలు ఇన్నేళ్ళయినా నా లోపల ఆరలేదు. ఎవరికీ చెప్పలేదు. మీకు చెబుతున్నాను, మీరు నా మొహం చూడలేరు కాబట్టి.

కుందారపల్లికి లోపలగా ఒక పల్లె. దూరాన ఉన్న పెద్ద రాడార్లకు అక్కడి కొండల చాటున దిగువన కమ్ముకునే వాన కనిపించదు. అందుకని మా వాతావరణ బృందం ఒక చిన్న రాడార్‌ను పరీక్షకు పెట్టింది. అడ్డం లేని మిద్దె మునెమ్మది. బోర్లించిన గంగాళంలా ఉండే ఆ యంత్రాన్ని ఆమె మిద్దెకు బోల్టులతో బిగించాం. కాపలా నాది. ఆమె పెట్టే సంగటి తినడం కూడా నా ఉద్యోగంలో భాగమే అనుకునేవాణ్ణి.

ఒక చిక్కు ఉండేది. పడమటి కొండ రాడార్ కిరణాలను తిప్పికొట్టేది. అది వానలా కనబడి, తెర మీద ఆ కొండకు ఏడాది పొడుగునా వానే. ఒకసారి పైవాళ్ళు చూడటానికి వస్తున్నారని, తెర అందంగా ఉండాలని, ఆ దిక్కునుంచి వచ్చేదేదీ తెర మీద కనబడకుండా కంప్యూటర్లో కప్పేశాను. వాళ్ళు మెచ్చుకుని పోయారు. నేను దాన్ని తీయడం మరిచిపోయాను.

మర్నాడు పొద్దున మునెమ్మ మెట్లెక్కి వచ్చింది. ఉలవల కోత అయింది. మా వైపు రోడ్డే కళ్ళం, లారీలే ఎద్దులు. ఎండిన తీగలు తారు మీద పరిస్తే చక్రాల కింద గింజ రాలుతుంది.

"ఏమప్పా, వాన వస్తాదా? ఉలవలు పరుద్దామనుకుంటా ఉండాను."

"పరిచేయమ్మా. వాన యాడుంది?"

"నీ మాట ఎవురికి కావల్ల? ఉప్పు లేని చారు పోసినా బాగుందంటావు నువ్వు. మిషను ఏమంటాది?"

తెర చూశాను. శుభ్రంగా ఉంది. "మిషనే చెప్తా ఉందమ్మా, చుక్క లేదని."

మధ్యాహ్నానికి కాలం కాని వాన. పడమటి కొండ మీదుగానే. మొదటి చుక్క చేతి మీద పడగానే ఆ దిక్కును కప్పేసిన సంగతి నాకు గుర్తొచ్చింది. రోడ్డు మీదికి పరుగెత్తాను. రాలిన గింజ నీళ్ళతో పాటు కాలువలోకి పోతోంది. విత్తనానికి దాచుకోవాల్సింది కూడా అందులోనే. ఇద్దరం దోసిళ్ళతో ఎత్తాం. ఆమె కొంగులో ఉలవల కంటే బురదే ఎక్కువ.

"మిషను తప్పు చెప్పిందమ్మా," అన్నాను.

ఆమె మిద్దె వైపు చూసింది. "పోనీలేప్పా. నడక నేర్చే బిడ్డ పడదా? దాన్ని తిట్టబాకు."

మరిచిపోవడం నేరమా? కాదనే అనుకుంటాను. కానీ తప్పు మిషనుదని అన్నప్పుడు నాకు అంతా గుర్తుంది. అప్పుడైనా నోరు విప్పి ఉంటే ఆమె నాలుగు తిట్లు తిట్టి సంగటి పెట్టేది. మరి ఎందుకు విప్పలేదు? ఉద్యోగం పోతుందన్న భయమా? లేక ఆమె కళ్ళలో నేను చిన్నబోతానన్న భయమా? రెండోదే అని ఇప్పుడు తెలుస్తోంది. మొదటిదైతే కాస్త గౌరవంగా ఉండేది.

ఆ సాయంత్రమే కప్పింది తీసేశాను. ఆ వాన ఎందుకు కనబడలేదని మా పెద్దసారు అడిగితే, కొండ వల్ల ఆ దిక్కున రాడార్ సరిగా చూడలేకపోతోందన్నాను. ఆయన నన్ను నమ్మాడు. ఈ చోటు పనికిరాదని తేల్చి యంత్రాన్ని కావేరిపట్టణం వైపు మార్చారు. అక్కడ అది చక్కగా పనిచేస్తోంది. ఇక్కడా చేసి ఉండేది. ఆ పల్లెకు వాన ముందుగా చెప్పేవాళ్ళు ఇప్పటికీ లేరు. కొండకు నోరుంటే నా మీద కేసు పెట్టేది.

తీసుకెళ్ళే రోజు మునెమ్మ యంత్రానికి కుంకుమ పెట్టింది, బిడ్డను బడికి పంపుతున్నట్టు. "ఆడికి పోయైనా బాగా చదువుకో," అంది. అందరూ నవ్వారు. నేను అందరికంటే గట్టిగా నవ్వాను.

ఇప్పుడు చెప్పేశాను. బరువు దిగిందా? కొంచెం. చెప్పాల్సిన మనిషికి కాదు కదా చెప్పింది.

మొన్న ఆమె ఫోన్ చేసింది. అప్పట్లో మేం పూసిన సిమెంటు ఊడి, వాన పడితే బోల్టులు తీసిన రంధ్రాల్లోంచి ఇంట్లోకి నీళ్ళు కారుతున్నాయట. ఆదివారం వస్తానన్నాను. అప్పుడైనా చెబుతానా? తెలియదు. ఆ రంధ్రాలకు ఉత్త సిమెంటు నిలవదు, నీళ్ళు దిగకుండా ఆపే పొడి కలపాలి. అది అమ్మే హోసూరు అంగడికి ఆదివారం సెలవు. శనివారమే కొనాలి.