ఇద్దరు చూసిన ఇంజను

మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర బొగ్గులు రాజేసినప్పుడల్లా నా నడక ఆగిపోతుంది. అది కట్టెబొగ్గు, రైలింజనుది రాతిబొగ్గు. రెండు వాసనలూ ఒకటి కావని నాకు తెలుసు. అయినా ఆ పొగ ముక్కుకు తగిలితే దేవసహాయం మాస్టారు పక్కన నిలబడి గొంతు సవరించుకున్నట్టే ఉంటుంది.

ఎనభైల మొదట్లో గుంటూరు శివార్లలో మాస్టారిదీ నాదీ పక్కపక్క వాటాలు. ఆయన మిషను బడిలో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. నేను పత్తి మిల్లులో గుమాస్తాను. నా భార్య పోయిన ఏడాది అది. సాయంత్రం ఇంటికొచ్చి దీపం కూడా వేసుకోకుండా కూర్చునేవాణ్ణి. డైరీలో తేదీ వేసేవాణ్ణి, కింద రాయడానికి ఏమీ ఉండేది కాదు. ఒకరోజు మాస్టారు గుమ్మంలో నిలబడి, "చిన్నప్పుడు తోచకపోతే ఏం చేసేవాడివయ్యా?" అని అడిగారు. రైలింజన్ల నంబర్లు రాసుకునేవాణ్ణని చెప్పాను. చెప్పడానికే సిగ్గేసింది. ఆయన నవ్వలేదు. "చెప్పులేసుకో. బండికి వేళయింది" అన్నారు.

అలా మిరప కల్లాల పక్కనున్న రైల్వే గేటు మాకు అలవాటైంది. గేటు కాపలా మస్తాన్ మమ్మల్ని చూడగానే బల్ల జరిపి, "రండి రండి, పెళ్లికూతురు బయల్దేరిందంట. చూపులకి మీదే ఆలస్యం" అని ఎకసెక్కాలాడేవాడు. కొన్నాళ్లకు మాకంటే ముందు అతనే నంబరు అరిచేవాడు. మాస్టారిది ఒకటే నియమం. ఇద్దరు చూస్తేనే నంబరు డైరీలో రాయాలి. "ఒక్కడివే చూస్తే అది వచ్చిందో, రావాలని నువ్వు కోరుకున్నావో ఎవరికి తెలుసయ్యా?" అనేవారు. ఆ నియమం వల్లే నేను రోజూ ఇంట్లోంచి కదలవలసి వచ్చింది. అందుకే పెట్టారేమో. అడగలేదు.

ఒక ఏడు మిరప కోతలప్పుడు మాస్టారి కళ్లు మసకేశాయి. మాలో ఎవరమూ పట్టించుకోలేదు. కల్లాల్లో కాయ ఎండుతున్నన్నాళ్లూ అందరి కళ్లూ మండి నీళ్లు కారేవి. "ఘాటేలెండి, కాయ మిర్చి యార్డుకెళ్తే తగ్గుద్ది" అన్నాడు మస్తాన్. మాస్టారూ అదే నమ్మారు. కాయ యార్డుకెళ్లింది. కల్లాలు ఊడ్చేశారు. గాలి తేటపడింది కానీ ఆయన చూపు తేటపడలేదు. నీటికాసులు, అంటే గ్లకోమా అన్నాడు డాక్టరు. పోయిన చూపు ఇక రాదన్నాడు.

అప్పుడే ఆ లైనులో బొగ్గింజన్లు తీసేస్తున్నారని తెలిసింది. "ఆఖరి దాని నంబరు నా కళ్లతో చదవాలయ్యా. ఆ తర్వాత ఏమైనా కానీ" అన్నారు మాస్టారు. ఆ ఆఖరిది వచ్చే సాయంత్రం నా భుజం పట్టుకుని గేటుకు వచ్చారు. ఇంజను వచ్చింది. వేడి మా మొహాలకు కొట్టింది. ఆయన మెడ చాచి ముందుకు వంగారు. పెట్టెలన్నీ వెళ్లిపోయాక కూడా అలాగే ఉన్నారు.

"కనపడిందా మాస్టారూ?"

"నల్లగా ఏదో కదిలింది. అంతే."

నంబరు చెప్పబోయాను. చెయ్యెత్తి ఆపారు. "చెప్పకు. చెబితే చూశాననుకుంటాను."

మస్తాన్ జెండా చుడుతూ వచ్చి, "ముగ్గురం చూసినట్టే రాసేయండి సార్, ఎవరడుగుతారు?" అన్నాడు.

"మీరిద్దరూ చూశారు. మీ ఇద్దరి పేరునే రాసుకోండి" అన్నారు మాస్టారు. నా వైపు తిరిగారు. "ఇకనుంచి మస్తానే నీకు రెండో మనిషి."

మళ్లీ కాయ కల్లాలకొచ్చే సరికి ఆయన లేరు. మస్తానూ నేనూ చాలా ఏళ్లు డీజిళ్లు చూశాం, పెద్దగా మాట్లాడుకోకుండా. తర్వాత గేటు తీసేసి వంతెన కట్టారు. ఆ తర్వాత మస్తానూ పోయాడు.

ఇప్పుడూ అప్పుడప్పుడు స్టేషనుకు వెళతాను. ఇంజను దాటగానే నంబరు నోటిదాకా వస్తుంది, పక్కకు చూస్తాను. మొన్న బల్ల మీద కూర్చున్నాయన్ని, "నంబరు చూశారాండీ?" అని అడిగాను. ఆయన ఫోనులోంచి తలెత్తే సరికి చివరి పెట్టె దాటిపోయింది.

ఇంటికొచ్చి డైరీ తీశాను. తేదీ వేశాను. కింద ఏమీ రాయలేదు.