తల మీదుగా పోయిన పరుగులు

నేను లెక్కల సారుని. లెక్కలు చేసేవాణ్ని లోకం పెద్దగా లెక్కచేయదని ఉద్యోగంలో చేరిన మొదటి ఏడే తెలిసింది. ఆదివారాలైనా కాస్త లెక్కలోకి వద్దామని సిరిసిల్లలో క్రికెట్ గ్రౌండ్‌కు వెళ్తే, బ్యాటు చేతికిచ్చి ఒక్క ఓవర్ చూసి, ఆ చేతిలోంచే బ్యాటు తీసుకుని స్కోరు పుస్తకం పెట్టారు. అది ఇప్పటికీ నా చేతిలోనే ఉంది.

అప్పుడు ఎల్లంతకుంట వైపు బడిలో పని, సిరిసిల్లలో గది. తర్వాత ఇబ్రహీంపట్నానికి బదిలీ అయ్యి కోరుట్లలో గది తీసుకున్నాను. పెళ్లి చేసుకోలేదు. ఆ విషయంలో నేను నాన్‌స్ట్రైకర్‌ని, అవతలి ఎండ్‌లో నిలబడి మిగతావాళ్ల ఆట చూశాను. గదిలో ఒక మంచం, ఒక స్టవ్వు, ఒక కుర్చీ. రెండో కుర్చీ కొనాల్సిన పని ఎన్నడూ పడలేదు. సెలవు రోజు మధ్యాహ్నం ఆ గదిలో గోడ గడియారం ఎంత గట్టిగా నడుస్తుందో అనుభవిస్తేనే తెలుస్తుంది. అందుకే నెలలో రెండు ఆదివారాలు సిరిసిల్లకు, ఒకటి జగిత్యాలకు వెళ్లి, ఒకటి కోరుట్లలోనే ఉండి స్కోరు రాసేవాణ్ని. మూడు ఊళ్లలోనూ నన్ను ఎరగనివాళ్లు లేరు. నాతో మాట్లాడేవాళ్లు మాత్రం ఒకే మాట మాట్లాడేవాళ్లు: ‘సారూ, స్కోరెంత?’

మూడు ఊళ్ల ఆటా చూస్తాను కాబట్టి ఏ ఊరి ఆట గొప్పదో చెప్పమని అడిగేవాళ్లు ఎక్కువే. నేను నవ్వి ఊరుకునేవాణ్ని. మూడు ఊళ్లలోనూ టీ తాగాలి కదా. లోపల మాత్రం నాకో అంచనా ఉండేది.

జగిత్యాలలో తోలు బంతి. మ్యాట్ పరిచి ఆడతారు. తెల్ల బట్టలు లేకపోతే గీత లోపలికి రానివ్వరు. బౌలర్లు దూరం నుంచి పరుగెత్తుకుంటూ వస్తారు, వచ్చిన దూరానికి తగ్గ బంతే వేస్తారు. ఎల్బీడబ్ల్యూ ఇస్తారు, ఇచ్చిన అంపైర్ క్షేమంగా ఇంటికి వెళ్తాడు. ఒక ఊరి ఆట స్థాయికి ఇంతకన్నా మంచి కొలత నాకు తెలియదు.

కోరుట్లలో గట్టి టెన్నిస్ బంతి. ఆడేవాళ్లలో సగంమంది గల్ఫ్ నుంచి సెలవు మీద వచ్చినవాళ్లు. అక్కడ శుక్రవారాలు సిమెంట్ పిచ్‌ల మీద ఆడి ఆడి బంతిని మబ్బుల్లోకి కొట్టడం నేర్చుకున్నారు, పరుగెత్తడం మరిచిపోయారు. జూన్‌లో గెలిచిన జట్టు ఆగస్టుకు ఉండదు. ఫామ్‌లోకి వచ్చేసరికి ఫ్లైట్ వస్తుంది.

సిరిసిల్లలో కార్క్ బంతి. ఆడేవాళ్లు ఎక్కువగా సాంచాలు నడిపేవాళ్లు. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. ఏళ్ల తరబడి ఆ మోతలో పనిచేసి వాళ్ల చెవులు కొంత మొద్దుబారి ఉంటాయి. అందుకని పరుగుకు పిలవరు. కళ్లతో అడుగుతారు, గడ్డంతో జవాబు చెప్తారు. మిగతా రెండు ఊళ్లలో రా రా, వద్దు వద్దు అని అరుచుకుని ఇద్దరూ ఒకే ఎండ్‌లో కలుసుకుంటారు. సిరిసిల్లలో నేను రనౌట్ రాసింది చాలా తక్కువ. బౌలింగ్ మాత్రం మెత్తన. గ్రౌండ్ చిన్నది, చోటు చాలక ఒక్క ఎండ్ నుంచే బంతి వేస్తారు. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు కవర్ వైపు ఒక సాంచాల షెడ్డు గోడ ఉంటుంది. బంతి పైన రేకులకు తగులుతోందని షెడ్డు యజమాని ఒకసారి వచ్చి గొడవ పెట్టుకున్నాడట. దాంతో ఒక రూలు పెట్టుకున్నారు. బంతి గోడకు తగిలినా, గోడ దాటినా రెండు పరుగులే. ‘రెండు డిక్లేర్’ అంటారు. ఆ గ్రౌండ్‌లో నీడ ఉన్నది ఆ గోడ కిందే కాబట్టి నా బల్లా, రెండు కుర్చీలూ అక్కడే వేసేవాళ్లు. గోడ దాటిన బంతిని లోపల పనిచేసేవాళ్లు తిరిగి విసిరేవాళ్లు. నా జీవితంలో పట్టిన క్యాచ్‌లన్నీ అవే.

రెండు కుర్చీలన్నాను కదా. రెండోది అతనిది.

అతను సాంచాల మీద పనిచేసేవాడు, ఆ జట్టుకు ఓపెనర్. ఔటైపోగానే ప్యాడ్లు విప్పి నేరుగా వచ్చి నా పక్కన కూర్చునేవాడు. చెవులు సరిగా వినపడవు కాబట్టి గట్టిగా మాట్లాడేవాడు. నా పుస్తకంలోకి తొంగిచూసి ఎవరికెన్ని వైడ్లు వేశానో తనిఖీ చేసేవాడు. ఫ్లాస్కు మూతలో నాకు టీ పోసి, తను ఫ్లాస్కుతోనే తాగేవాడు. అందరికీ నేను ‘సారు’ని. అతనొక్కడే ‘అన్నా’ అనేవాడు. ఇద్దరికీ పదకొండేళ్లు తేడా, ఆ పిలుపుకు అది చాలు. సిరిసిల్ల వదిలి వెళ్లాక కూడా రెండు బస్సులు మారి నేను అక్కడికి వచ్చేది క్రికెట్ కోసమని అందరూ అనుకునేవాళ్లు. నేనూ అలాగే చెప్పేవాణ్ని.

ఒక ఎండాకాలం మొదట్లో నిజామాబాద్ నుంచి ఒక జట్టు వచ్చి జగిత్యాలలో తోలు బంతితో ఆడతామంది. మన మూడు ఊళ్లూ కలిపి ఒకే జట్టు దింపాలని పెద్దవాళ్లు అనుకున్నారు. ఆ పెద్దల్లో పెద్ద, రిటైరైన ఒక పీఈటీ సారు, నన్ను పిలిపించాడు.

“మూడు ఊళ్ల ఆట సూసినోడివి నువ్వొక్కనివే. నేను రాస్తే జగిత్యాలోళ్లనే రాసిండంటరు. నీకెవ్వలు లేరు గద, నువ్వు రాయి.”

నాకెవ్వరూ లేకపోవడం ఒక అర్హతగా పనికొచ్చింది అదే మొదటిసారి.

ఆ సంగతి సిరిసిల్లలో తెలిసేసరికి ఆదివారం వచ్చింది. అతను ఆ రోజు మూతలో టీ పోసి నా చేతికిచ్చాడు. తనకు ముప్పై తొమ్మిదేళ్లు వచ్చాయని, మోకాలు ఇంకో ఏడాది ఆగుతుందో లేదోనని అన్నాడు. తను నేసిన బట్టతో భార్య తెల్ల ప్యాంటు కుట్టిందని, పదేళ్లుగా తెల్ల బట్టలు నేస్తున్నాడే గానీ వేసుకుని ఆడే మోకా రాలేదని చెప్పి నవ్వాడు. చివరికి అసలు మాట అన్నాడు.

“జగిత్యాల గ్రౌండ్ల ఒక్కపారి ఆడాలని ఉంది అన్నా. నా పేరు రాయమంటలేను. సక్కగ సూసి రాయి, గంతే.”

సరేనన్నాను. చక్కగా చూడటమంటే నాకు తెలిసింది లెక్క చూడటమే.

కోరుట్ల గదిలో మూడు ఊళ్ల స్కోరు పుస్తకాలు మంచం మీద పరిచాను. ఒక ఊళ్లో కొట్టిన పరుగు ఇంకో ఊళ్లో ఎంత అవుతుందో ఒక పట్టిక కట్టాను. జగిత్యాలలో పది పరుగులంటే కోరుట్లలో పద్నాలుగు, సిరిసిల్లలో పదహారు. జగిత్యాల బౌలింగ్ గట్టిది కాబట్టి అక్కడి పరుగుకు విలువ ఎక్కువ. సిరిసిల్ల బౌలింగ్ మెత్తన కాబట్టి కోత ఎక్కువ. నాలుగు సాయంత్రాలు కూర్చుని ఆ పట్టిక చేశాను, ఆ నాలుగు సాయంత్రాలూ గడియారం చప్పుడు వినబడలేదు. నిజం చెప్పాలంటే సంతోషంగా ఉన్నాను. నన్ను ఎవరో ఒక పనికి పిలిచారు, ఆ పని నాకు వచ్చు.

అతని పేరు పన్నెండో స్థానంలో వచ్చింది. పదకొండో పేరు కోరుట్ల వాడిది, తేడా చాలా చిన్నది. దశాంశ బిందువు అవతల కొంచెం కదిలిస్తే పేర్లు తారుమారు అవుతాయి. పెన్సిల్ పట్టుకుని చాలాసేపు కూర్చున్నాను. కదిలించలేదు. నేను అతని పక్క కుర్చీలో కూర్చునేవాణ్నని అందరికీ తెలుసు, అందుకే కదిలించకూడదనుకున్నాను. ఆ తర్వాత నా నిజాయితీకి నేనే మురిసిపోయి హోటల్‌లో రెండు పూరీలు ఎక్కువ తిన్నాను.

జాబితా సిరిసిల్ల గ్రౌండ్‌లో నేనే చదివాను. పదకొండు పేర్లు అయిపోయాక అతను దగ్గరికి వచ్చి భుజం తట్టాడు.

“ఎవ్వలకు అన్యాయం చెయ్యలే. మంచిగ రాసిన్రు సారు.”

బస్సు వేములవాడ దాటాక గానీ ఆ చివరి మాట నా చెవికి ఎక్కలేదు.

మ్యాచ్ రోజు జగిత్యాలలో పందిరి కింద కూర్చున్నాను. పక్కన నిజామాబాద్ వాళ్ల స్కోరర్, ఫోన్ యాప్‌లో స్కోరు కొడుతున్నాడు. మన ఓపెనర్ మూడో ఓవర్లో ఒక బంతిని కవర్ మీదుగా లేపి కొట్టాడు. సులువుగా, మణికట్టు కూడా తిప్పకుండా. బంతి నేలమీద పడి, పచ్చికలో దొర్లి దొర్లి తాడు దాటింది. చప్పట్లు మోగాయి. నేను తల వంచి రాశాను.

పక్కతను నా పుస్తకంలోకి చూశాడు.

“సార్, ఫోర్ గద అది. రెండేసిన్రేంది?”

చూసుకున్నాను. నా చెయ్యి నిజంగానే రెండు వేసింది. సిరిసిల్లలో కవర్ మీదుగా పోయిన బంతికి రెండు వేయడం దానికి అలవాటు. పదేళ్లుగా వేస్తోంది. కొట్టివేసి నాలుగు వేశాను. అప్పుడు ఆ నాలుగు వైపు చూస్తూ ఉండిపోయాను, రెండు బంతులు రాయడం మరిచిపోయాను.

ఆ షాట్ సిరిసిల్లలో నా పక్కన కూర్చునే అతనిది. అతను ఎక్కువ పరుగులు చేసేది ఆ షాట్‌తోనే. ప్రతి ఆదివారం అతను కొట్టిన బంతి నా తల మీదుగా పోయేది, కానీ నా తలకు ఎక్కలేదు. జగిత్యాలలో నాలుగో ఆరో అయ్యేదాన్ని సిరిసిల్ల గోడ రెండు చేసింది. ఆ రెండుకు నేను మళ్లీ కోత పెట్టాను. గోడ ఒకసారి కోసింది, గోడ కింద కూర్చున్నవాడు రెండోసారి.

ఇంటికి వచ్చి పుస్తకాలు మళ్లీ పరిచాను. తప్పు దిద్దుకోవడం లెక్కల సారుకు కొత్త కాదు. కానీ ఎంత తప్పు చేశానో కూడా తెలుసుకోలేకపోయాను. అతను పరుగెత్తి తీసిన రెండూ రెండే, గోడ దాటించిన రెండూ రెండే. పుస్తకంలో ఆ రెండూ ఒకటే. వాటికి గుర్తు పెట్టాలని నాకు ఎన్నడూ తోచలేదు. అతని పదేళ్ల ఆట అక్కడే ఉంది, నా దస్తూరీతో, చక్కటి వరసలో, ఎందుకూ పనికిరాకుండా.

బడికి సెలవు పెట్టి సిరిసిల్ల వెళ్లాను. అతను షెడ్డులో ఉన్నాడు. లోపల అడుగుపెడితే నా మాట నాకే వినబడదు. సాంచాల దగ్గర పనిచేసేవాళ్లు ఒకరి మాట ఒకరు పెదవులు చూసి పట్టుకుంటారు. నేను ఆ మోతలో నిలబడి, అతను నా పెదవుల వైపు చూస్తుండగా, అంతా చెప్పాను. గోడ సంగతి మరిచానని, పట్టిక తప్పని, పదకొండో పేరు అతనిదే కావాల్సిందని. నా గొంతు బయటికి వచ్చిందో లేదో తెలియదు. అతనికి అందింది. జవాబు మాత్రం నా కోసం బయటికి వచ్చి చెప్పాడు, నాకు పెదవులు చదవడం రాదని అతనికి తెలుసు.

“మీరు కూసునేది గోడ పక్కకే గద సారు. మీకు ఎర్కనే అనుకున్న.”

కోపంగా అనలేదు. అలాంటి మ్యాచ్ ఇంకోటి ఎప్పుడైనా పెడతారేమో, పెడితే ఈసారి సరిగా చూస్తానని అన్నాను. పెడితే చూద్దామని, ఇప్పటికైతే దారం తెగి సాంచా ఆగి ఉందని చెప్పి అతను లోపలికి వెళ్లిపోయాడు. నిజామాబాద్ జట్టు మళ్లీ రాలేదు.

ఇప్పుడు సిరిసిల్ల పుస్తకంలో గోడ దాటిన ప్రతి రెండు మీదా ఒక చుక్క పెడుతున్నాను. ఎందుకని ఎవరూ అడగలేదు. స్కోరెంత అని అడుగుతారు, చెప్తాను. అతను ఇంకా ఆడుతున్నాడు. ఆ తెల్ల ప్యాంటు ఇక్కడే వేసుకుంటున్నాడు, జట్టులో అందరూ ట్రాక్ ప్యాంట్లలో ఉంటే అతనొక్కడే తెల్లగా, మోకాలి దగ్గర ఎర్రమట్టితో. ఔటైనాక ప్యాడ్లు అవతలి పక్క, ముళ్లకంప దగ్గర విప్పుకుంటున్నాడు. అక్కడ నీడ లేదు. అలవాటు కొద్దీ నా బల్ల దగ్గర ఇంకా రెండు కుర్చీలే వేస్తున్నారు. ఒకటి తీసేయమని చెప్పడానికి నోరు రాక, దాని మీద నా సంచి పెడుతున్నాను. టీ ఫ్లాస్కు ఒకటి కొనుక్కున్నాను. దాని మూతలోనే తాగుతాను.

పోయిన ఆదివారం అతను రెండో ఓవర్లోనే ఒకటి కవర్ మీదుగా లేపాడు. బంతి నా తల మీదుగా గోడ దాటింది. రెండు వేసి, చుక్క పెట్టి, పెన్ను పక్కన పెట్టి గోడ వైపు తిరిగాను. లోపలినుంచి ఎవరో బంతిని విసిరారు. పట్టలేకపోయాను. అది కుర్చీకి తగిలి సంచిని కింద పడేసింది. బంతిని తీసి గ్రౌండ్‌లోకి విసిరాను. క్రీజులో అతను బ్యాటు ఆనించుకుని, అది బౌలర్ చేతికి చేరేదాకా బంతినే చూస్తూ నిలబడ్డాడు.