నవ్వే దొంగకు నాటుకోని చామంతి

ఇందుమూలంగా కామారెడ్డి, ఎల్లారెడ్డి ప్రజలకు, ఆ రెండింటి నడుమ ఉన్న ఊళ్లవాళ్లకు కూడా తెలియజేయునదేమనగా, ఎల్లారెడ్డిలో మా మేనత్త పెరట్లో ఈ మాఘమాసాన పసుపు చామంతులు పూసినవి. డప్పు కొట్టించవలసిన వార్త కాదని నాకూ తెలుసు. ఏటా పూసేవే. కాకపోతే ఈసారి అవి పూసిన వారానికి మా మేనత్త పోయింది. రెండింట్లో ఏది ముందు చెప్పాలో తెలియక, ఆమె అయితే ఏది ముందు చెప్పేదో అదే చెప్పాను.

పోయినవాళ్లను మంచిగా తలుచుకోవాలంటారు. తలుచుకుంటాను. కానీ ముందు నా విసుగు తీరాలి. ముప్పై ఏళ్లు వేగాను ఆమెతో.

ఆ చామంతి అసలు మాది. కామారెడ్డిలో మా నానమ్మ పెంచింది. ఊళ్లో అందరి చామంతులూ పుష్యంలో వాడిపోతే, ఈ రకం మాఘంలో మొదలుపెడుతుంది. మేనత్త పెళ్లయి ఎల్లారెడ్డి పోతూ నాలుగు పిలకలు కొంగులో దాచుకుని పోయింది. తరువాత వానల్లేని ఒక ఏడు మా బావి అడుగంటి, మా ఇంటి మడి మొత్తం ఎండిపోయింది. ఇక మిగిలింది ఆమె పెరట్లోనే. మా అమ్మకు అది అత్తగారి చేతి పువ్వు. "నేను పోయేలోపట మన పెరట్ల ఒక్కపారి పూస్తే సూడాలెరా" అని ప్రతి చలికాలం నన్ను ఎల్లారెడ్డి తోలేది.

నాలుగు పిలకలు తేవడం ఎంత పని అనుకుంటారు మీరు. అక్కడే ఉంది తంటా. చామంతి పిలక అడిగి తీసుకుంటే నాటుకోదు, దొంగతనం చేస్తేనే నాటుకుంటుంది అని మా దిక్కు చాలా ఇండ్లల్లో అంటారు. అందరూ అంటారు, అంతే. మా మేనత్త పాటించేది. ఎవరైనా "అక్కా, రెండు పిలకలియ్యి" అంటే కసిరి పంపేది. నోరు మూసుకుని మడి పక్కన నిలబడితే, పొయ్యి మీద కూర మాడుతున్నదని లోపలికి పోయేది. వాళ్లు తవ్వుకుని గడప దాటాక బయటికొచ్చి వాడకట్టంతా వినబడేట్టు తిట్టేది. తిట్టు పడకపోతే దొంగతనం పూర్తయినట్టు కాదట. మర్నాడు ఆ దొంగ ఇంటికే పోయి, "నీళ్లు ఎక్కువ పొయ్యకు, కుళ్లిపోతది" అని చెప్పి వచ్చేది.

ఒకసారి తహసీలు కచేరీ గుమాస్తా షేర్వానీ తొడుక్కుని వచ్చి, చాలా మర్యాదగా పిలకలు అడిగాడు.

"సాబ్, అందరు జేసినట్టే నువ్వు గూడ జెయ్యి. నేను ఇంట్లకు పోతున్న" అందట మా మేనత్త.

ఆయన షేర్వానీ ఎగదోపుకుని, మట్టిలో మోకాళ్ల మీద కూర్చుని పీకి, వెనక నుంచి తిట్లు పడుతుంటే పరుగెత్తాడు. టోపీ మడిలోనే ఉండిపోయింది.

ఇక నా సంగతి. నవ్వు ఆపుకుని మొహం బిగబట్టి ఉండడం నాకు చేతకాదు. పంతులు నన్ను మూడో తరగతిలో ఇంటికి పంపించిందీ అందుకే. ఎల్లారెడ్డి పోగానే గడపలోంచే మొదలుపెట్టేవాణ్ణి.

"అత్తా, దొంగొచ్చిండు. జర లోపలికి పో."

"నీ నోరు పడిపోను. చెప్పి జేస్తే దొంగతనమెట్లైతదిరా?"

"మరి నువ్వు తలుపు సందుల నుంచి చూస్తున్నవు గద."

"నేను చూస్తలేను. నా కండ్లు చూస్తున్నయి. నువ్వు కానియ్యి."

నేను పడీ పడీ నవ్వుతూ తవ్వుకునేవాణ్ణి. కామారెడ్డి తెచ్చి నాటితే వారం తిరక్కుండా కుళ్లేవి. మళ్లీ ఏడు మళ్లీ అదే. నేను మట్టిని తిట్టాను, బావి నీళ్లను తిట్టాను. ఆమె మాత్రం ఒకటే మాట అనేది: "నవ్వే దొంగ చేతిల మొక్క బతకదిరా అల్లుడా." మా అమ్మ కూడా ఆమె పక్షమే. "జర నవ్వకుంటుంటే నీదేం పోతదిరా" అనేది. ఒక మొక్క కోసం ఇద్దరు ముసలమ్మలు నా నవ్వును తప్పుపట్టడం ఎక్కడైనా చూశారా?

అన్నిట్లోనూ అంతే ఆమె. మడికి బియ్యం కడిగిన నీళ్లే పోయాలి. పడమటి మొక్క నుంచే మొదలుపెట్టాలి. తూర్పు నుంచి పోస్తే చెంబు లాక్కునేది. కోళ్లు రాకుండా కట్టె పట్టుకుని కాపలా కాసేది. ఇంత చేసి, ఒక్క పువ్వు తల్లో పెట్టుకునేది కాదు. ఎందుకని అడిగితే, "నా కొప్పుల పెట్టుకుంటే మంది చూస్తరు. చెట్టు మీదుంటే నేను చూస్త" అంది. అది కూడా విసుగే.

మా మామ ఆ మడి పక్కనే మంచమేసుకుని కూర్చునేవాడు. ఇన్నేళ్లలో ఒక చెంబు నీళ్లు పోసిన పాపాన పోలేదు.

పుష్యంలో ఆమెకు బాగా లేదని తెలిసి పోయాను. యుద్ధం వచ్చాక పెట్రోలు దొరక్క బస్సులు బొగ్గుతో నడుస్తున్నాయి కదా, దారిలో రెండుచోట్ల దిగి తోశాం. ఆమె మంచంలో ఉంది. చెట్లు మొగ్గలేసి ఉన్నాయి, అడుగున పిలకలు వచ్చాయి.

"అల్లుడా, ఈసారన్న నవ్వకుండ తీస్కపోరా. వదినకు చూడాలని ఉన్నది" అంది.

నేను ఊరుకోవచ్చు కదా. "అత్తా, ఉత్త దొంగతనమేంది, ఈసారి పోలీసాయనను గూడ ఎంటబెట్టుకొస్త" అన్నాను. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది. తిట్టలేదు. ఆ రోజు తవ్వడానికి నాకు చెయ్యి రాలేదు. ఖాళీ చేతులతో వచ్చి, బస్సు తొందరపెట్టిందని మా అమ్మకు చెప్పాను.

పదకొండో దినాన మళ్లీ ఎల్లారెడ్డిలో ఉన్నాను. మామను ఆయన బిడ్డ మర్నాడే బాన్సువాడ తీసుకుపోతుంది. పెరట్లో మడి ఉన్నచోటే బర్రెల కొట్టం వెయ్యడానికి మామ అన్న కొడుకులు గుంజలు తెచ్చి గోడకు ఆనించారు. మడి మొత్తం పసుపు. భోజనాలయ్యాక అందరూ ముందరి వైపు ఉన్నారు. పెరట్లో మామ ఒక్కడే మంచం మీద. నేను కొడవలి మొనతో తవ్వడం మొదలుపెట్టాను. ఈసారి నవ్వు రాలేదు. కానీ తిట్టేవాళ్లు ఎవరు? తిట్టు లేని దొంగతనం దేనికి పనికొస్తుంది?

నేను తలుపు దాటుతుంటే వెనక నుంచి మామ గొంతు వినబడింది. "దొంగ పడ్డడు. నీ చేతులిరగ. నా పెండ్లాం చామంతులు ఎత్కపోతున్నడు." వాడకట్టంతా వినబడింది.

ఆ పిలకలు ఇప్పుడు మా పెరట్లో ఉన్నాయి, గోనెపట్టా నీడన. మా అమ్మ పొద్దున్నే పోయి చూసి వస్తుంది. బతుకుతాయో లేదో నాకు తెలియదు.

ఇందులో నేను కల్పించినవి కొన్ని ఉన్నాయి, చెప్పేస్తాను. కచేరీ గుమాస్తా ఎవరూ రాలేదు. వచ్చింది టపా తెచ్చే ఆయన, టోపీ కూడా పడలేదు. "నా కండ్లు చూస్తున్నయి" అన్నది ఆమె కాదు, నేనే ఆమె నోట పెట్టాను. ఆమె అలాంటప్పుడు చీపురు విసిరేది. మామ అరవలేదు. నేను తవ్వుతున్నంతసేపూ ఆయన భుజం మీది తువ్వాలు తీసి మొహం నిండా కప్పుకుని, గాలికి లేవకుండా రెండు చేతులతో రెండు కొసలూ గట్టిగా పట్టుకుని, మంచం మీద అట్లాగే కూర్చుని ఉన్నాడు.