రాజవ్వ అత్త వినని గంట

ఈ ఉదయం తొమ్మిదీ ఇరవైకి, సూరత్ బయట సచిన్ అనే ఊరు దాటాక ఉన్న మా పరీక్షా మైదానంలో, డ్రైవరు లేని కారు ఎడమకు తిరగబోతూ సన్నగా ఒకసారి మోగింది. లోపల నేనొక్కదాన్నే ఉన్నాను. కొత్త సీటు వాసన వస్తోంది. మోకాలి మీద ఉన్న నా చెయ్యి ఎడమకు జరిగింది. కావాలని జరపలేదు. రాజవ్వ అత్త పోయి ఏడాది దాటింది. ఆ చెయ్యి ఇంకా ఎవరికి చెబుతోందో నాకు అర్థం కాలేదు.

రాజవ్వ అత్త భేస్తాన్‌లో మా పక్కింటి మనిషి. చుట్టం కాదు. సిరిసిల్ల వైపు నుంచి సూరత్ వచ్చిన నేత కుటుంబాల మధ్య ఏదో ఒక వరస కలుస్తుంది, అలా అత్త అయింది. ఉధ్నాలో ఒక షెడ్డులో మామ మరమగ్గాలు నడిపేవాడు, ఆమె అక్కడే కండెలకు దారం చుట్టేది. ఆ మోతలో మాట వినపడదు కనుక అందరూ చేతులతోనే మాట్లాడుకునేవారు. చిన్నప్పుడు అమ్మతో వెళ్లిన నాకు ఆ చేతి మాటలు నేర్పింది ఆమే. దారం తెగింది, నీళ్లు కావాలి, సేటు వస్తున్నాడు. వీటిలో సేటు వస్తున్నాడన్నదే ముందు నేర్పింది. మనుషులు నోటితో చెప్పేది కాక చేతులతో చెప్పేది చూడడం నాకు అక్కడే అలవాటైంది.

ఆమెకు ఏ బండీ పడదు. ఆటో రెండు మలుపులు తిరిగితే చాలు, వాంతి. మామకు మూత్రపిండాలు దెబ్బతిన్నాక ప్రతి బుధవారం డయాలసిస్‌కు ఊరికి ఆ చివరున్న ఆస్పత్రికి వెళ్లవలసి వచ్చింది. ఆమె కూడా బయలుదేరేది. ఉధ్నా స్టేషను దగ్గరికి వచ్చేసరికి దిగిపోయి రోడ్డు పక్కన కూర్చునేది. ఆయన ఒక్కడే వెళ్లేవాడు. సూదులు పెట్టినంతసేపూ ఆయన తలుపు వైపే చూస్తుంటాడని ఎవరో ఆమెకు చెప్పారు.

నేను పనిచేసే చోట ఇలాంటి మనుషులే కావలసి వచ్చారు. తనంతట తాను నడిచే కారులో కూర్చున్నవాళ్లకు మలుపు ఎప్పుడు వస్తుందో, బ్రేకు ఎప్పుడు పడుతుందో తెలియదు. ఒళ్లు సిద్ధపడేలోగా బండి తిరిగిపోతుంది, కడుపులో తిప్పుతుంది. అది తగ్గించడం మా పని. ఈ సంగతి విని ఆమే వచ్చి అడిగింది.

"మీ కార్ల కూసుంటే నా కడుపుకు అలవాటైతదా పిల్లా?"

"తెలియదత్తా. అదే చూస్తున్నాం."

"గట్లయితే నన్ను గూడ జూడున్రి. మీ మామతోని ఆస్పత్రి దాంక పోవాలె, గంతే."

మొదటి రోజు చీర కుచ్చిళ్ల దగ్గర మడిచిన వార్తాపత్రిక పెట్టుకుని వచ్చింది. కడుపుకు కాగితం ఆనితే వాంతి రాదని మావాళ్ల నమ్మకం. రెండో మలుపుకే వాంతి అయింది. కారు దిగి మూతి తుడుచుకుంటూ, "గుజరాతీ పేపరు గదా, నా కడుపుకు సమజ్ గాలే. తెలుగుది తెప్పియ్యి," అంది.

తరువాత మేము మలుపుకు ముందు మోగే గంట పెట్టాం. జవాబు మేమే నోటికి అందించినట్టు కాకూడదని దాని గురించి ఆమెకు చెప్పలేదు. ఎప్పటిలాగే నేను పక్కన కూర్చున్నాను. ఆ రోజు వాంతి కాలేదు. మర్నాడూ కాలేదు. మా పెద్ద ఇంజనీరు మెహుల్‌భాయ్ సంతోషించి, శబ్దం కొంచెం పెంచితే బాగుంటుందేమో, తను మౌసీ అని పిలిచే అత్తను అడగమన్నాడు.

"గంట ఇంకొంచెం గట్టిగా మోగించాలా అత్తా?"

"ఏం గంట?"

"మలుపుకు ముందు మోగుతుందే, అది."

"నాకు సన్న సప్పుడు ఇనబడక ఎన్నేండ్లాయె! సాంచెల కాడ బతికినోళ్లకు ఎవలకు ఇనబడ్తది?" మగ్గాలను మావాళ్లు సాంచెలంటారు.

"మరి వాంతి ఎందుకు రావడం లేదు?"

"నీ చెయ్యి జెప్తుంది గదనే, ఎటు తిరుగుతదో."

గంట విన్నప్పుడల్లా నా చెయ్యి మలుపు వైపు జరుగుతోందని అప్పుడు తెలిసింది. ఇంతేనా అనుకుని మరుసటి రోజు గంట ఆపి పక్కన కూర్చున్నాను. మలుపు ఎప్పుడో నాకూ తెలియదు, చెయ్యి కదలలేదు. అయినా ఆమెకు ఏమీ కాలేదు. ఆ తరువాత గంట పెట్టి ఆమెను ఒక్కదాన్నే పంపాం. వాంతి అయింది. మళ్లీ పంపితే కాలేదు. అలవాటైందా, ధైర్యం వచ్చిందా, నన్ను నొప్పించడం ఇష్టం లేక దిగమింగుకుందా? "నిజం చెప్పత్తా" అని అడిగితే, "నిజమే జెప్తున్న. మంచిగనే ఉన్నది," అంది. మొదటి రోజు పక్కకు తిరిగి కక్కుతూ కూడా అదే మాట అంది. మెహుల్‌భాయ్ ఆమె ఫలితాలను పక్కన పెట్టేశాడు.

ఆ బుధవారం ఆటోలో ఆమెకూ మామకూ మధ్య కూర్చున్నాను. దారి నాకు తెలుసు. మలుపు వచ్చే ప్రతిసారీ చెయ్యి మోకాలి మీద జరిపాను. ఉధ్నా దాటాం. ఆమె నా చేతిని చూసిందో, అవతల ఉన్న మామను చూసిందో, నేను తల తిప్పి చూడలేదు. ఆస్పత్రి గేటు దగ్గర మామ దిగి, "ఇయ్యాల సూర్యుడు ఎటు పొడిసిండే? మీ అత్త గేటు జూసింది," అన్నాడు.

"జర నోరు ముయ్యి. లోపలికి నడువు," అంటూ అతని భుజం పట్టుకుని తీసుకెళ్లింది. సూదులు పెట్టినంతసేపూ మంచం పక్కనే కూర్చుంది.

అలా కొన్ని బుధవారాలు వెళ్లాం. వానాకాలంలో ఆమెకు జ్వరం వచ్చింది. మామ కంటే ముందు ఆమె పోతుందని మాలో ఎవరమూ అనుకోలేదు.

ఆమెకు నయం చేసింది ఏమిటో నాకు ఇప్పటికీ తెలియదు. గంటతో పాటు, మలుపుకు ముందు సీటు తొడను ఆ వైపు మెల్లగా నొక్కేలా ఇప్పుడు చేశాం. కొందరికి నయంగా ఉంది, కొందరికి లేదు. కారు దిగినవాళ్లను మాత్రం ముందు ఏం గమనించారని అడుగుతాను. బాగుందా అన్న మాట ఆ తరువాతే.

ఆమె పోయాక మొదటి బుధవారం నేను ఆటో దగ్గరికి వెళ్లి నిలబడ్డాను. మామ లోపల మధ్యలో కూర్చుని ఉన్నాడు. నాకు చోటివ్వడానికి జరగలేదు.

"నాకు కడుపుల దేవది, కక్కు రాదు గద బిడ్డా," అన్నాడు. "నువ్వెందుకు?"

నేను పక్కకు తప్పుకున్నాను. ఆటో కదిలింది. బుధవారాలు నేనిప్పుడు ఆస్పత్రికి వెళ్లడం లేదు.