పద్దెనిమిదో అంతస్తులో పొంగిన పాలు

ఆ రోజుల్లో మా కోరుట్ల బస్టాండులో దిగిన మనిషిని ఎక్కడి నుంచి వస్తున్నావని ఎవరూ అడిగేవారు కాదు. ప్లాస్టిక్ తాడుతో అడ్డంగా, నిలువుగా బిగించిన అట్టపెట్టె ఉండి, దాని మీద పేరూ ఊరూ నల్లసిరాతో రాసి ఉంటే దుబాయి నుంచి. పెట్టె లేకుండా తల వంచుకుని దిగితే అదీ దుబాయి నుంచే (ఏదో బెడిసికొట్టిందన్నమాట). వరుసగా వానలు లేక బోర్లు ఎండిపోయాయి, సిరిసిల్లలో సాంచాలు (మరమగ్గాలు) ఆగిపోయాయి, ఇంటికొకరు చొప్పున విమానం ఎక్కుతున్నారు. నేనూ ఎక్కాను. జగిత్యాలలో ఐటీఐ ఎలక్ట్రీషియన్ కోర్సు ఫస్టు క్లాసులో పాసైనవాణ్ణి. ఆ సంగతి ఊళ్లో ఎవరూ అడగకపోయినా నేనే చెప్పేవాణ్ణి. దుబాయిలోనూ చెప్పాను. వాళ్లు శ్రద్ధగా విని, నా చేతికి ఒక చీపురూ ఒక తట్టా ఇచ్చారు.

మా కంపెనీకి దొరికిన పని ఏమిటో నాకు చాలా రోజులు అర్థం కాలేదు. ఊరి నడిబొడ్డున ముప్పై అంతస్తుల ఆఫీసు భవనం. గోడకు ఒక్క పగులు లేదు. అందులోని ఆఫీసులన్నీ పీకేసి, కింద సగం హోటలు, పై సగం బాగా డబ్బున్నవాళ్లకు ఇళ్లు చేయాలట. మొదటి ఆరు నెలలూ పీకడమే మా పని. కుర్చీలు, బల్లలు, చెక్క అడ్డగోడలు, చాపల్లా చుట్టేసిన కార్పెట్లు. ఒక బల్ల సొరుగులో ఎవరిదో కళ్లజోడూ, సగం తిన్న బిస్కెట్ల పొట్లమూ దొరికాయి. మా దగ్గర ఇంటి ముందుగదిని దుకాణం చేసుకోవడం చూశాను గానీ, దుకాణాన్ని ఇల్లు చేయడం అక్కడే చూశాను. నాతో పనిచేసే సిరిసిల్ల తాత మాత్రం ఏమీ ఆశ్చర్యపోలేదు. "మా తాన ఇంట్లనే సాంచా, సాంచా పక్కకే పండుడు. గీళ్లకు గీ తెలివి ఇప్పుడచ్చిందారా?" అన్నాడు. ఆయన నాకు తాత కాడు. యాభై కూడా దాటలేదు. ముప్పై ఏళ్లు మరమగ్గం మీద బట్ట నేసి, మగ్గం ఆగిపోయాక దుబాయికి వచ్చిన మనిషి. తల ముందే నెరిసింది కాబట్టి క్యాంపులో అందరికీ తాత అయిపోయాడు.

మా ఇద్దరి మీదా మేస్త్రీ మా మేనమామ. మల్లాపూర్ ఆయనది. తాటిచెట్లెక్కి కల్లు గీసే కుటుంబంలో పుట్టాడు కనుక ఎత్తంటే భయం లేదు గానీ, ఇంజనీరంటే ఉంది. నాకు వీసా తీసింది ఆయనే. మూడేళ్లుగా ఇంటి మొహం చూడలేదు. పన్నెండు రోజుల్లో బిడ్డ లగ్గం. లీవు కాగితం ఇంజనీరు బల్ల మీద నెల రోజులుగా పడి ఉంది. ఆ ఇంజనీరు మిస్రీ, అంటే ఈజిప్టు మనిషి. ముక్కలు ముక్కలుగా హిందీ మాట్లాడేవాడు. పద్దెనిమిదో అంతస్తులో నమూనాగా ఒక ఫ్లాటు పూర్తిగా తయారుచేస్తున్నాం. అది మాలిక్‌లు, అంటే భవనం యజమానులు, చూసి మెచ్చితే మామకు సెలవు, లేకపోతే లేదు. ఇదీ ఆయన పెట్టిన షరతు. అందుకని మామ ఆ ఫ్లాటులో ఒక్కొక్క టైలునూ తన చేత్తో తుడిచాడు. తుడిచిన ప్రతిసారీ, "లగ్గంనాటికి నేనుంటనారా అల్లుడా?" అని అడిగేవాడు. నేను ఉంటావనేవాణ్ణి. నా చేతిలో ఏముందని అన్నానో!

మాలిక్‌లు రావడానికి ముందురోజు మధ్యాహ్నం అన్నీ సర్దేశాం. పరుపుల మీద దుప్పట్లు, గిన్నెల్లో మైనం పండ్లు. తాత కిటికీ తెరను వేళ్ల మధ్య నలిపి, "పోగు సన్నం. మనతాన గిది నేస్తే సేటు వాపసిస్తుండె," అని తీర్పు చెప్పి, ఇల్లంతా ఒకసారి కలియజూసి, మొహం చిట్లించాడు.

"అన్నీ జేసినం గని పాలు పొంగియ్యలేదు, పిలగా."

"మనిల్లా ఏంది తాతా?"

"ఎవలిదైతేంది? కట్టినోళ్లం మనమే గదా. పాలు పొంగని ఇంట్ల రేపు వాళ్లచ్చి ఏదో ఒక నుక్స్ తీస్తరు. మీ మామ బిడ్డ లగ్గం ఎటుపాయె?"

లగ్గం మాట వచ్చేసరికి నాకూ భయం పట్టుకుంది. మామ అప్పటికే ఇంజనీరు క్యాబిన్‌కు వెళ్లాడు. నేను కిందికి పరుగెత్తి పక్కసందులోని బకాలాలో (అక్కడ కిరాణా కొట్టును అలాగే అంటారు) పాల ప్యాకెట్టు తెచ్చాను. తాత తన టిఫిను డబ్బా కింది గిన్నె కడిగి పాలు పోశాడు. ఇక పొయ్యి. ఆ పొయ్యికి మంట లేదు, మర లేదు. నల్లటి గాజుపలక మీద నాలుగు గుండ్రాలు, పక్కన వేలితో తాకితే వెలిగే గుర్తులు. "నీకస్తదారా?" అన్నాడు తాత. "తాతా, నేను ఐటీఐ ఫస్టు క్లాసు," అన్నాను. తాకాను. కూసింది. ఎర్రగా కాగింది. ముట్టించడం నిజంగానే నాకు వచ్చు.

పాలు తూర్పు వైపుకే పొంగాయి. తాత కళ్లు మూసుకుని దండం పెట్టాడు. నేనూ పెట్టాను. కళ్లు తెరిచేసరికి పాలు ఇంకా పొంగుతూనే ఉన్నాయి. పలకంతా పాకి, ఆ గుర్తులన్నిటినీ ముంచేశాయి. ఇప్పుడు ఎక్కడ తాకినా అది కూస్తుందే తప్ప ఆరదు. "బంద్ చెయ్యరా!" "చేస్తున్న తాతా!" "చేస్తున్నంటవ్, అయితలేదేంది?" గిన్నె తీద్దామంటే చేతులు కాలాయి. మాడిన పాలు నల్లగా అయి, పొగ లేచి, ఆ పొగ తిన్నగా పైకప్పుకు బిగించిన తెల్లటి గుండ్రటి బిళ్ల దగ్గరికి వెళ్లింది. (ఆ బిళ్ల చుట్టూ బూజు దులిపినవాణ్ణి నేనే. అదెందుకో కనుక్కోలేదు.)

ముప్పై అంతస్తుల్లోనూ ఫైరు అలారం ఒక్కసారి మోగింది. ఏ అంతస్తులో ఏ పని చేస్తున్నవాడు ఆ పని అక్కడే వదిలేసి మెట్ల దారి పట్టాడు. తాత పోతూ పోతూ పొయ్యికి కరెంటు వచ్చే స్విచ్చు గోడ మీద చూసి చేత్తో ఒక్కటి కొట్టాడు. పొయ్యి ఆరింది. నేను ఫస్టు క్లాసు, ఆయన నాలుగో తరగతి. బయట నాలుగు వందల మంది ఎండలో వరుసలు కట్టారు. పనాగింది కాబట్టి అందరూ సంతోషంగానే ఉన్నారు, ఒక్క మామ తప్ప. "ఇంజనీరు మనసు మారి ఇయ్యాల్నే సంతకం పెడుదమని పెన్ను మూత తీసిండురా. గప్పుడే మోగింది," అన్నాడు నాతో. అంతలో నా చొక్కా చేతి మీద పాల మరకలు చూశాడు. ఆ చేతిని రెండు మడతలు పైకి మడిచి మరకలు దాచాడు. తిడితే బాగుండేది.

ఇంజనీరు మెట్లన్నీ ఎక్కి చూసి, దిగి, ఒగరుస్తూ వచ్చి ఎవరని అడిగాడు. మామ ముందుకు నడిచి, "నా మనుషులు సాబ్, నాదే గల్తీ," అన్నాడు. నా కాళ్లు వెంటనే కదల్లేదు. ఈ మాట రాయకుండా దాటేయొచ్చు గానీ, నిజం అదే. అవతల మామ బిడ్డ లగ్గం, ఇవతల నా ఉద్యోగం. నేను నిలబడి లెక్కలు వేసుకుంటున్నాను. తాత నా కంటే ముందు కదిలి, "నేనే సాబ్," అన్నాడు. అప్పుడు సిగ్గేసి నేనూ వెళ్లి, కాదు, నేనేనని అన్నాను. ఇంజనీరు మా ముగ్గురినీ చూసి, గిన్నెడు పాలకు ముగ్గురేమిటని, అసలు ఎందుకు కాచారని అడిగాడు. నేను చేతులు పైకెత్తి, "నయా ఘర్ సాబ్, దూద్ ఊపర్ ఆయేగా, అచ్ఛా హోగా," అంటూ, కొత్తింట్లో పాలు పొంగితే మంచిదని వివరించాను. ఆయన, "కిస్కా ఘర్?" అన్నాడు. ఎవరి ఇల్లు? మేం ముగ్గురం తలెత్తి ఆ ముప్పై అంతస్తుల వైపు చూశాం.

పై వాళ్లకు సంజాయిషీ చెప్పుకోవాల్సింది ఆయనే కదా, అందుకని అగ్నిప్రమాదానికి ముందస్తు కసరత్తు చేయించానని పుస్తకంలో రాసుకున్నాడు. ఎన్ని నిమిషాల్లో అందరూ దిగారో కూడా రాశాడు. మామ కాగితాన్ని మాత్రం మడిచి జేబులో పెట్టుకుని, రేపు మాలిక్ ముక్కుకు వాసన తగిలితే దీన్ని చింపేస్తాననీ, మా ఇద్దరినీ ఊరికి పంపేస్తాననీ చెప్పి వెళ్లాడు.

ఆ కిటికీలు తెరుచుకునేవి కావు. వాసన పోయే దారే లేదు. పొద్దుగూకేదాకా గాజుపలకను నిమ్మచెక్కతో, పళ్లు తోముకునే పొడితో రుద్దాం. లుంగీలు తడిపి ముగ్గురం గదుల్లో తిప్పుతూ నడిచాం. ఊదుబత్తి ముట్టిద్దామా అని నేనన్నాను. మామ ఆ రోజు నన్ను తిట్టింది అప్పుడొక్కసారే, కానీ అందులో మా తాతముత్తాతలందరూ వచ్చారు. చివరికి పొయ్యికి పైన పొగ పీల్చే యంత్రం ఉందని తాత కనిపెట్టాడు. అది మొదటి నుంచీ అక్కడే ఉంది.

పొద్దున మాలిక్‌లు నలుగురు వచ్చారు. మేం బాల్కనీ మూల ఒదిగి నిలబడ్డాం. మామ పెదాలు కదులుతున్నాయి, దేవుణ్ణో ఇంకెవరినో తలుచుకుంటున్నాడు. వాళ్లు తిన్నగా బాత్రూములోకి వెళ్లి, కుళాయి రంగు బంగారుదా వెండిదా అని పావుగంట వాదించుకుని, బాగుందని చెప్పి వెళ్లిపోయారు. వంటింటి వైపు ఒక్కరూ తొంగి చూడలేదు. ఇంజనీరు అక్కడే, మైనం పండ్ల గిన్నె పక్కన కాగితం పరిచి సంతకం పెట్టి, "ఖల్లివల్లి," అన్నాడు. పో, ఇక వదిలెయ్ అని. మామ ఆ కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని, మెట్ల మీద కూర్చుని ఏడ్చాడు. లగ్గానికి రెండు రోజుల ముందే మల్లాపూర్ చేరాడు. "సూసినవా, పాలు పొంగిస్తెనే అయ్యింది," అన్నాడు తాత.

చాలా ఏళ్ల తర్వాత కోరుట్లలో నేనూ రెండు గదుల ఇల్లు కట్టుకున్నాను. ముందుగదిలో మోటార్లు వైండింగ్ చేసే దుకాణం (మొత్తానికి ఐటీఐ అక్కరకొచ్చింది). గృహప్రవేశం రోజు నా భార్య గ్యాసు పొయ్యి మీద పాలు పెట్టింది. అవి అంచుదాకా లేచేసరికి నా చెయ్యి నాకు తెలియకుండానే వెళ్లి మర తిప్పేసింది. పాలు దిగిపోయాయి. ఆడవాళ్లంతా అయ్యో పొంగనేలేదని గోల పెట్టారు. నేను పైకప్పు వైపు చూస్తున్నాను. అక్కడ ఫ్యాను తప్ప ఏమీ లేదు. మామ ఒక్కడికే సంగతి అర్థమై, పడీ పడీ నవ్వి, "బంద్ చేసుడు గిప్పుడు నేర్సినవారా? ముట్టియ్యి మల్ల. పొంగనియ్యి. గిది నీ ఇల్లే," అన్నాడు.

మళ్లీ ముట్టించాను. ఈసారి పాలు పొయ్యంతా పారేదాకా చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాను. ఆ మాడు వాసనకు తాత గుర్తొచ్చాడు, నాలుగు వందల మందిని ఎండలో నిలబెట్టిన ఆ ఫస్టు క్లాసు కుర్రాడూ గుర్తొచ్చాడు. పద్దెనిమిదో అంతస్తులో ఇప్పుడు ఎవరుంటున్నారో నాకు తెలియదు. వాళ్లింట్లో మొదటి పాలు పొంగించింది మేమేనని వాళ్లకూ తెలియదు.